కన్నం కూలి

రాజాం నుంచి బండి మీద వచ్చి,
నిచ్చెన భుజానేసుకుని కోట మెట్లెక్కుతుంటే
టికెట్ తీసుకోమంది కౌంటర్లో అమ్మాయి.
"ఫ్యాన్లు బిగించడానికొచ్చామమ్మా" అన్నాను.
"ఎవరికైనా ఇరవయ్యే."
నాకొకటి, దాలిగాడికొకటి.
నిచ్చెనకి లేదు, నయం.

ఇరవై ఇచ్చాక ఊరికే పోనిస్తామా,
పొద్దున్నంతా చూపరులమై తిరిగాం.
గాజు పెట్టెలో కత్తులు,
పిడి మీద చెయ్యి అరిగిన జాడ లేదు.
భీమిలి రేవులో దిగిన నిలువుటద్దం
పాదరసం ఊడి
దాలిగాడి మొహం సగమే చూపించింది.
గడ్డి కూరిన చిరుతపులి కుట్లు విడిపోయి
పొట్టలోంచి వరిగడ్డి తొంగి చూస్తోంది.
"మా ఎడ్లు చూస్తే నమిలేస్తాయి" అన్నాడు వాడు.
గార్డు నవ్వాలో కసరాలో తెలీక దగ్గాడు.

దర్బారు హాల్లో, పైన,
గుడ్డ పంకా.
మంచం కన్నా పొడుగు, అంచుకి ఎర్ర కుచ్చు.
కింద అట్ట మీద మూడు భాషల్లో రాశారు
ఏ చెక్క, ఏ పట్టు, ఎవరి హయాం.
లాగినవాడి సంగతి
మూడింట్లోనూ లేదు.

మా తాత తవిటయ్య.
గోడకవతల వసారాలో వెల్లకిలా పడుకుని
తాడు బొటనవేలికి కట్టుకుని
ఎస్టేటు పోయేదాకా ఎండాకాలాలన్నీ లాగాడు.
లోపలివాళ్ళ మొహాలు చూడలేదు,
గాలి ఎవరికి తగిలిందో తెలీదు.
కునుకు పడితే తాడు ఆగేది,
తాడు ఆగితే కిటికీలోంచి చెంబు వచ్చి పడేది.
"మంచి చెంబేరా, కంచుది.
మల్లీ పట్టుకుపోయీవోరు గానీ."

చచ్చేదాకా ఆయన కుడికాలు
నిద్దట్లో కూడా ఊగేది.
పక్కన పడుకున్న నాకు
ఆ నవారు కిర్రుకిర్రే జోల.

మధ్యాహ్నం పని దగ్గర పేచీ.
వైరు లోపలికి రావాలంటే గోడకి కన్నం కావాలి.
డ్రిల్లు తీసేసరికి క్యూరేటరు పరిగెత్తుకొచ్చాడు.
రెండు మూరల గోడట,
బెల్లం, కరక్కాయ కలిపి నూరిన గచ్చట,
పొడిస్తే తన ఉద్యోగం పోతుందట.

నిచ్చెనెక్కాను.
వేలి కణుపుతో గోడ తడుతూ పోయాను,
పుచ్చకాయ ఎంచుకునేవాడిలా.
"కిటికీకి ఎడంపక్క, దూలానికి జానెడు కింద" –
వినీ వినీ విసిగిన మాట.
ఠక్.
ఠక్. ఠక్.
డొబ్.

స్క్రూడ్రైవరుతో గీకితే సున్నం పొరలు,
నీలం కింద పసుపు, పసుపు కింద తెలుపు,
ఆ వెనక మట్టి, ఎవరో కుక్కిన గోనెపట్టా,
గోనె వెనక
వేలెడు పొడుగు కొబ్బరిపీచు తాడు.
కన్నం కింది రాయి తాడు రాసి రాసి గాడి పడింది,
నున్నగా, పళ్ళు రాని పిల్లాడి చిగురులా.
చూపుడువేలు పెట్టాను. పట్టింది.

"ఏమిటది, ఏం దొరికింది?" అని కింద నుంచి క్యూరేటరు.
"కన్నమండి. ముందే ఉంది."
"మీకెలా తెలుసు?"
"మా ఇంట్లో అనుకునేవారు."
ఆయన పీచు తాడుని కవర్లో వేసి తేదీ రాసుకున్నాడు.
పేరు అడగలేదు.
నేనూ చెప్పలేదు, ఎందుకో.

దాలిగాడిని గోడవతలికి పంపాను.
అప్పటి వసారా ఇప్పుడు స్కూటర్ స్టాండు,
మా బండి పెట్టిందీ అక్కడే.
ఎర్ర వైరు, నల్ల వైరు, పచ్చ వైరు
కలిపి తోశాను.
"అందిందా?"
"అందింది. లాగమంటావా?"
కాసేపు నాకు మాట రాలేదు.
"లాగు. మెల్లిగా.
ఒక్కసారి చాలు."

అయిదింటికి స్విచ్చేశాం.
పాలకొండ నుంచి బస్సులో వచ్చిన బడిపిల్లలు
ఫ్యాను కింద చల్లటి గచ్చు మీద చతికిలబడ్డారు.
రిబ్బన్లు ఎగురుతున్నాయి.
పక్కన పాత పంకా కుచ్చు కూడా
కొంచెం కదిలింది.

బిల్లు రాశాను.
ఫ్యాన్లు రెండు, బిగింపు.
వైరు, పద్నాలుగు మీటర్లు.
కన్నం తొలిచిన కూలి –
సున్నా వెయ్యబోయాను, చెయ్యి రాలేదు.
ఖాళీగా వదిలేశాను.
దాలిగాడు భుజం మీంచి చూసి
"ఇది మరిసిపోనావు" అన్నాడు.
బండి తియ్యమన్నాను.